కడుపు కోయకుండా కంతి తీసే కత్తి వచ్చింది.. సమయానికి వెళ్లేవాళ్లే తక్కువ

హైదరాబాద్: ఇంట్లో అబ్బాకు ఏడాదిగా కడుపులో మంట. మెడికల్ షాపులో చెబితే గ్యాస్ గోలీ ఇస్తారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది. కొడుకు సౌదీ నుంచి ఫోన్ చేసి అడిగితే ‘ఏం లేదు బేటా, కారం తిన్నా’ అంటాడు. బరువు తగ్గితే షుగర్ వల్ల అనుకుంటారు. నీరసపడితే వయసు అనుకుంటారు. చివరకు అన్నం దిగకపోతేనో, మలం నల్లగా వస్తేనో ఆస్పత్రికి పరుగు. అప్పటికి ఎండోస్కోపీలో కనిపించేది చిన్న మచ్చ కాదు, పెద్ద గడ్డ.

రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో కథ ఇలాగే నడుస్తోంది. అదే జబ్బు రెండేళ్ల ముందు దొరికి ఉంటే కడుపు మీద ఒక్క కోత కూడా లేకుండా, నోటి ద్వారా పంపిన గొట్టంతోనే దాన్ని తీసేసే అవకాశం ఉండేది. కడుపు కడుపులాగే మిగిలేది. ఆ పని చేసే కరెంట్ కత్తులు, వాటిని నడిపే యంత్రాలు ఇప్పుడు హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నాయి. ఏటేటా కొత్తవి వస్తున్నాయి. మరి వాటి ఫలితం ఎంతమందికి అందుతోంది? అసలు చర్చ జరగాల్సింది ఇక్కడే.

గోడ మీద పొర మాత్రమే తీసే పని

అన్నవాహిక, కడుపు, పెద్దపేగు.. ఈ మూడింటి గోడలూ పొరలు పొరలుగా ఉంటాయి. అన్నం తగిలే లోపలి పొర ఒకటి. దాని కింద రక్తనాళాలుండే మెత్తటి పొర. ఆ తర్వాత కండరం. ఆ పైన బయటి పొర. క్యాన్సర్ సాధారణంగా లోపలి పొరలోనే పుడుతుంది. అక్కడి నుంచి నెమ్మదిగా కిందికి దిగుతుంది. లోపలి పొర దాటనంత వరకు అది శరీరంలో వేరే చోటికి పాకే అవకాశం చాలా తక్కువ.

ఈ మాటకు గట్టి ఆధారం ఉంది. తొలిదశ కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న 5,265 మంది రికార్డులను జపాన్ డాక్టర్లు పరిశీలించి 2000లో ఫలితాలు ప్రచురించారు. లోపలి పొరకే పరిమితమైన క్యాన్సర్లలో లింఫ్ గ్రంథులకు పాకినవి 2.2 శాతం. కింది మెత్తటి పొరలోకి దిగినవాటిలో 17.9 శాతం. తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది, కానీ రోగి భవిష్యత్తును అదే తేలుస్తుంది. పైపొరలోనే ఉన్న జబ్బుకు కడుపంతా తీసేయడం ఎందుకన్న ప్రశ్నకు ఆ లెక్కలు సమాధానం ఇచ్చాయి.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. ముందుగా కంతి చుట్టూ చిన్న చిన్న గుర్తులు పెడతారు. తర్వాత సన్నటి సూదితో దాని కింద రంగు కలిపిన ద్రవం ఎక్కిస్తారు. కాలిన చోట బొబ్బ లేచినట్టు కంతి పైకి లేస్తుంది. కండరానికీ దానికీ మధ్య నీటి దిండు తయారవుతుంది. ఇప్పుడు ఆ దిండులోంచి కోసుకుంటూ పోతే కండరానికి దెబ్బ తగలదు.

ఇలా కంతిని ఎత్తి, తీగ ఉచ్చు వేసి తీసే పద్ధతిని ఈఎంఆర్ అంటారు. చిన్నవాటికి అది సరిపోతుంది. రెండు సెంటీమీటర్లు దాటితే ఉచ్చులో ఒకేసారి ఇమడదు, ముక్కలుగా తీయాల్సి వస్తుంది. అలా కాకుండా చిన్న కత్తితో చుట్టూ కోసి, కింది నుంచి ఒలిచి, కంతిని ఒకే ముక్కగా బయటికి తెచ్చే పద్ధతి ఈఎస్‌డీ. కొత్త పరికరాల ముచ్చట ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతోంది.

కరెంట్ కత్తి ఎక్కడి నుంచి వచ్చింది

కరెంట్‌తో కోయడం నిన్న మొన్నటి విషయం కాదు. 1926లో అమెరికాలోని బోస్టన్‌లో హార్వీ కుషింగ్ అనే మెదడు సర్జన్, విలియం బోవీ తయారు చేసిన యంత్రంతో ఆపరేషన్ చేశారు. అంతకుముందు రక్తస్రావానికి భయపడి వదిలేసిన గడ్డలను తీయడానికి దాంతో ధైర్యం వచ్చింది. 1969లో న్యూయార్క్‌లో షిన్యా, వోల్ఫ్ అనే డాక్టర్లు కొలనోస్కోప్ ద్వారా కరెంట్ తీగతో పెద్దపేగులోని పాలిప్ తీశారు. ఆ ఒక్క పనితో పొట్ట కోయకుండా పాలిప్ తీసే దారి తెరుచుకుంది. 1984లో జపాన్ డాక్టర్లు ద్రవం ఎక్కించి తీసే పద్ధతిని ప్రకటించారు. 1990ల మధ్యలో అదే దేశంలోని నేషనల్ క్యాన్సర్ సెంటర్ డాక్టర్లు కత్తి కొనకు కరెంట్ పారని పింగాణీ గుండు తగిలించారు. కొన కండరంలోకి పొడుచుకుపోకుండా ఆ గుండు అడ్డుపడుతుంది. దీన్నే ఐటీ నైఫ్ అన్నారు. ఈఎస్‌డీ ఎదగడానికి ఆ చిన్న గుండే పునాది.

మన ఇళ్లలో కరెంట్ సెకనుకు 50 సార్లు ఊగుతుంది. తగిలితే నరాలు, గుండె దెబ్బతింటాయి. ఆపరేషన్ యంత్రం పంపే కరెంట్ సెకనుకు లక్షల సార్లు ఊగుతుంది. అంత వేగానికి నరాలు స్పందించవు, అందుకే షాక్ కొట్టదు. వేడి మాత్రం పుడుతుంది. కణంలోని నీరు ఒక్కసారిగా ఆవిరై కణం పగిలితే అది కోత. వేడి మెల్లగా ఎక్కితే గుడ్డు తెల్లసొన గట్టిపడినట్టు కణజాలం గట్టిపడి రక్తం ఆగుతుంది. కోత కావాలా, రక్తం ఆపడం కావాలా, రెండూ కలిపి ఎంత పాళ్లలో కావాలా.. ఈ నిర్ణయాన్ని సరిగ్గా అమలు చేయడమే మంచి యంత్రం పని.

కొత్త యంత్రాల ప్రత్యేకత ఏమిటి

పాత యంత్రం డాక్టర్ పెట్టిన నంబర్ ప్రకారం కరెంట్ వదిలేది. కొవ్వు తగిలినా, కండరం తగిలినా దానికి ఒకటే. ఇప్పటి యంత్రాలు కత్తి కొన దగ్గర కణజాలం ఎంత అడ్డుపడుతోందో క్షణక్షణం కొలుస్తూ కరెంట్‌ను తమంతట తామే తగ్గిస్తాయి, పెంచుతాయి. కొంచెం కోత, వెంటనే కొంచెం గడ్డకట్టింపు.. ఇలా దశలవారీగా నడిచే పద్ధతి కూడా వాటిలో ఉంది. పెద్దపేగు గోడ చాలా పలచన. అక్కడ ఈ జాగ్రత్త ప్రాణం కాపాడుతుంది.

కత్తులూ మారాయి. జర్మనీకి చెందిన ఎర్బే కంపెనీ హైబ్రిడ్ నైఫ్‌లో సన్నటి నీటి ధార, కరెంట్ రెండూ ఒకే పరికరంలో ఉంటాయి. దిండు కుంగినప్పుడల్లా సూది మార్చకుండా అక్కడికక్కడే మళ్లీ నీరు ఎక్కించవచ్చు. జపాన్ కంపెనీలు ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కూడా ద్రవం ఎక్కించే ఏర్పాటున్న కత్తులు, కత్తెరలా పట్టి కోసే పరికరాలు తెచ్చాయి. వేల్స్‌కు చెందిన క్రియో మెడికల్ కంపెనీ స్పీడ్‌బోట్ అనే పరికరం తయారు చేసింది. ఇది కోతకు రేడియో తరంగాల కరెంట్, రక్తం ఆపడానికి 5.8 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ వాడుతుంది. వంటింటి ఓవెన్‌లో ఉండే తరంగాల జాతే ఇది. పరికరం అడుగు భాగానికి పడవ అడుగులాంటి రక్షణ కవచం ఉంటుంది, కండరం వైపు వేడి పోకుండా కాపాడుతుంది.

ఇంకో తేడా కూడా తెలుసుకోవాలి. చాలా కత్తుల్లో కరెంట్ కొన నుంచి బయలుదేరి, శరీరం గుండా ప్రయాణించి, తొడకు అంటించిన ప్యాడ్ ద్వారా బయటికి పోతుంది. స్పీడ్‌బోట్ లాంటి వాటిలో కరెంట్ పరికరం కొన దగ్గరే రెండు ధ్రువాల మధ్య తిరుగుతుంది, శరీరమంతా ప్రయాణించదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఈ తేడా ముఖ్యం. అందుకే పేస్‌మేకర్ ఉంటే ఆ సంగతి ముందే డాక్టర్‌కు చెప్పి తీరాలి.

కొత్తదైతే చాలా? లెక్కలు ఏం చెబుతున్నాయి

కొత్త యంత్రం వచ్చిందనగానే అదే అన్నిటికీ మందు అనుకోవడం మన అలవాటు. పరిశోధనలు చెప్పేది అలా లేదు. కొన్నిచోట్ల కరెంట్ ఎక్కువ సాయం చేస్తుంది, కొన్నిచోట్ల అసలు లేకపోవడమే మేలు.

పది మిల్లీమీటర్లలోపు పాలిప్‌లకు ఇప్పుడు యూరప్, అమెరికా వైద్య సంఘాలు కరెంట్ లేని తీగ ఉచ్చునే సిఫారసు చేస్తున్నాయి. కరెంట్ లేకపోతే ఆలస్యంగా రక్తం కారడం, పేగు కాలడం లాంటి ప్రమాదాలు తగ్గుతాయి.

అదే సూత్రం పెద్ద కంతులకు పెడితే ఏమవుతుంది? జర్మనీ డాక్టర్లు 2024లో ఇచ్చిన లెక్క చూడండి. పెద్దపేగులో రెండు సెంటీమీటర్లు, ఆపైన ఉన్న కంతులను కరెంట్ లేకుండా ముక్కలుగా తీస్తే పెద్ద ఇబ్బందులు 1 శాతం మందికే వచ్చాయి. కరెంట్‌తో తీస్తే 7.9 శాతం మందికి. కానీ కంతి మళ్లీ పెరగడం చూస్తే కరెంట్ లేనివాళ్లలో 23.7 శాతం, కరెంట్ వాడినవాళ్లలో 13.8 శాతం. ఒకవైపు లాభం, ఇంకోవైపు నష్టం. రోగి వయసు, కంతి రకం, మళ్లీ పరీక్షకు రాగలడా లేదా.. ఇవన్నీ తూచి డాక్టర్ నిర్ణయం తీసుకోవాలి.

2019లో ఆస్ట్రేలియా డాక్టర్లు ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. కంతి తీసేశాక మిగిలిన గాయం అంచును, చేతిలో ఉన్న అదే తీగ కొనతో సన్నని కరెంట్ పెట్టి కాల్చారు. కొత్త యంత్రం లేదు, అదనపు పరికరం లేదు. కంతి మళ్లీ రావడం 21 శాతం నుంచి 5.2 శాతానికి పడిపోయింది. ఉన్నదాన్ని సరిగ్గా వాడటమే ఇక్కడ ఇంత తేడా తెచ్చింది.

ఒకే ముక్కగా తీసే ఈఎస్‌డీ సంగతి? ఫ్రాన్స్‌లో పెద్దపేగు కంతుల మీద జరిగిన పోలికలో ఆరు నెలలకు మళ్లీ కనిపించినవి ఈఎస్‌డీలో 0.6 శాతం, ముక్కలుగా తీసిన పద్ధతిలో 5.1 శాతం. ఫలితం గొప్పదే. కానీ ఈఎస్‌డీకి ఎక్కువ సమయం పడుతుంది, ఇబ్బందులు కూడా ఎక్కువ. ఫ్రాన్స్‌లో ఆ పని చేసింది చేయి తిరిగిన డాక్టర్లు. అదే కత్తి కొత్తవాళ్ల చేతిలో పడితే పేగుకు రంధ్రం పడే ప్రమాదం పెరుగుతుంది. యంత్రం కొంటే నైపుణ్యం దానితో పాటు పెట్టెలో రాదు.

జపాన్‌కు ఎందుకు సాధ్యమైంది

జపాన్ ప్రభుత్వ బీమా కడుపు ఈఎస్‌డీకి 2006లో, అన్నవాహికకు 2008లో, పెద్దపేగుకు 2012లో డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. కానీ అసలు పునాది అంతకంటే ముందే పడింది. ఆ దేశంలో కడుపు క్యాన్సర్ పరీక్షలు దశాబ్దాలుగా ఊరూరా జరుగుతున్నాయి. దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటిన వాళ్లందరికీ రెండేళ్లకోసారి కడుపు పరీక్ష జాతీయ కార్యక్రమంలో భాగం. అక్కడ జబ్బు చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతోంది కాబట్టి చిన్న కత్తికి పని దొరికింది. డాక్టర్లకు చేయి తిరిగింది. పరికరాలు మెరుగయ్యాయి.

మన దగ్గర వరస తారుమారైంది. కత్తి ముందు వచ్చింది, పరీక్షలు ఇంకా రాలేదు. మన దేశంలో 30 ఏళ్లు దాటిన వాళ్లకు ప్రభుత్వ కార్యక్రమం కింద నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ ఉంది. కడుపు, అన్నవాహిక, పెద్దపేగు ఆ జాబితాలో లేవు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి అన్నవాహిక క్యాన్సర్లు సుమారు 70 వేలు, పెద్దపేగు క్యాన్సర్లు కూడా దాదాపు అంతే, కడుపు క్యాన్సర్లు 64 వేలకు పైగా కొత్తగా వస్తున్నాయి. మూడూ కలిపితే రెండు లక్షలు దాటుతాయి.

అంతమందికీ ఊరూరా ఎండోస్కోపీ చేయడం ఇప్పటికిప్పుడు కుదరని పని. జపాన్, కొరియాల్లో కడుపు క్యాన్సర్ ఎక్కువ, అందుకే అందరికీ పరీక్ష అక్కడ లెక్కకు సరిపోయింది. మనకు కావాల్సింది ప్రమాదం ఎక్కువున్న వాళ్లను ముందే గుర్తించే ఏర్పాటు. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే చవక పరీక్ష ఉంది. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ 1994లోనే క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. దాన్ని కనిపెట్టే పరీక్ష, చంపే మందులు రెండూ అందుబాటులో ఉన్నాయి. జిల్లా ఆస్పత్రి స్థాయిలో ఈ రెండూ పక్కాగా నడిస్తే పెద్ద యంత్రాల దాకా సరైన రోగి సరైన సమయంలో చేరతాడు.

హైదరాబాద్‌కు పేరుంది.. జిల్లాల సంగతేంటి

జీర్ణకోశ వైద్యంలో హైదరాబాద్‌కు ప్రపంచంలోనే పేరుంది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వ్యవస్థాపకుడు డాక్టర్ డి.నాగేశ్వరరెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ప్రకటించారు. విదేశీ డాక్టర్లు కూడా నేర్చుకోవడానికి ఈ నగరానికి వస్తుంటారు. కానీ ఆదిలాబాద్‌లోనో, కర్నూలులోనో, రాయచోటిలోనో ఉన్న కుటుంబానికి హైదరాబాద్ అంటే బస్ ఛార్జీ, రూమ్ కిరాయి, రోజు కూలీ పోగొట్టుకోవడం. పైగా తీసేసిన తర్వాత కూడా నెలల వ్యవధిలో మళ్లీ మళ్లీ పరీక్షకు రావాలి. అక్కడే చాలామంది ఆగిపోతారు.

డబ్బు ఇంకో గోడ. ఈ కత్తులు చాలావరకు దిగుమతి సరుకే. చాలావాటిని ఒక్కసారి వాడి పారేయడానికే తయారు చేశారు. 2025 సెప్టెంబర్‌లో వైద్య పరికరాల మీద జీఎస్టీని 5 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు రోగి బిల్లులో కనబడుతుందా లేదా అన్నది ఆస్పత్రులను అడగాల్సిన ప్రశ్న. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది, విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ ఉంది. ఇలాంటి కత్తులు, తీగలు ఇక్కడే తయారైతే ధర దిగే అవకాశం ఉంటుంది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెంచారు. అయితే పరిమితి పెద్దదైనంత మాత్రాన సరిపోదు, చికిత్స జాబితాలో ఆ పద్ధతి పేరు ఉండాలి. కడుపు కోసే పెద్ద ఆపరేషన్‌కు డబ్బు వచ్చి, కోయకుండా తీసే చికిత్సకు రాకపోతే పేదవాడు కోతనే ఎంచుకుంటాడు. అందుకే చేరే ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, ఏది వర్తిస్తుందో స్పష్టంగా తెలుసుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు కూడా ముందస్తు అనుమతి తీసుకోవడం మంచిది.

కుటుంబాలు అడగాల్సిన ప్రశ్నలు

డాక్టర్‌ను ప్రశ్నలు అడగడం అగౌరవం కాదు. ఎండోస్కోపీలో తొలిదశ కంతి అని తేలితే ఇంటివాళ్లు ఈ నాలుగు సంగతులు అడగాలి.

ఒకటి, కంతి ఎంత లోతుకు దిగిందని అనుకుంటున్నారు? దాన్ని ఒకే ముక్కగా తీయగలరా? రెండు, ఈ ఆస్పత్రిలో, ఈ డాక్టర్ చేతిలో ఇలాంటివి ఎన్ని జరిగాయి? రంధ్రం పడితే వెంటనే చూసే సర్జన్ ఉన్నారా? మూడు, కత్తి కొత్తదా? బిల్లులో విడిగా చూపిస్తారా? నాలుగు, తీసిన ముక్కను పరీక్షించే పాథాలజీ రిపోర్టు ఎప్పుడు వస్తుంది?

నాలుగో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. తీసిన ముక్కను పాథాలజిస్టు సన్నటి ముక్కలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూసి, అంచుల్లో జబ్బు లేదని, లోతుకు దిగలేదని చెప్పినప్పుడే చికిత్స పూర్తయినట్టు. లోతుకు దిగిందని తేలితే అప్పుడు ఆపరేషన్ అవసరం పడొచ్చు. ‘గొట్టంతో తీసేశారు కదా, ఇంకేముంది’ అని రిపోర్టు తీసుకోకుండా ఇంటికి వెళ్లిపోవడం పెద్ద పొరపాటు.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ విషయం చెప్పాలి. సొంతంగా మాత్రం ఆపకూడదు. ఇంటికి వచ్చాక మలం నల్లగా వచ్చినా, కళ్లు తిరిగినా, కడుపు నొప్పి లేదా జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. రక్తస్రావం కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. అన్నవాహికలో పెద్ద భాగం తీస్తే ఆ చోట సన్నబడి ముద్ద దిగకపోవచ్చు. దానికీ చికిత్స ఉంది, దాచుకోవద్దు.

ఇక ఎవరు ముందే పరీక్షకు వెళ్లాలి? ముద్ద దిగడంలో ఇబ్బంది, కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, నల్లటి మలం, తగ్గని వాంతులు, కారణం తెలియని రక్తహీనత ఉన్నవాళ్లు గోలీలతో రోజులు గడపొద్దు. తండ్రికో తల్లికో, అన్నదమ్ములకో ఈ క్యాన్సర్లు వచ్చి ఉంటే లక్షణాలు లేకపోయినా డాక్టర్‌ను కలవాలి. పొగాకు, గుట్కా అలవాటున్నవాళ్లకు అన్నవాహిక ముప్పు ఎక్కువ. కొలనోస్కోపీ అంటే ఆడవాళ్లు సిగ్గుతో వాయిదా వేస్తుంటారు. లేడీ డాక్టర్ ఉన్నారా అని ఫోన్ చేసి అడగొచ్చు, అడిగే హక్కు వాళ్లకుంది. వాయిదా మాత్రం వద్దు.

ఒక సంగతి మరువకూడదు. తొలిదశ కంతి చాలాసార్లు నొప్పి పెట్టదు, మంట పుట్టించదు. గ్యాస్ గోలీ కొన్నిసార్లు మంటను తగ్గించి జబ్బును కప్పేస్తుంది కూడా. ఏడాదిగా గోలీలు మింగుతున్న అబ్బా ‘ఏం లేదు బేటా’ అన్నప్పుడు కొడుకు చేయాల్సింది నమ్మి ఫోన్ పెట్టేయడం కాదు, అపాయింట్‌మెంట్ తీసుకుని ఇంట్లో ఎవరినైనా తోడు పంపడం. కండరాన్ని తాకకుండా పొర ఒలిచే కత్తి సిద్ధంగానే ఉంది. జబ్బు ఆ పొర దాటిపోయాక మాత్రం అది చేయగలిగింది పెద్దగా ఉండదు.